ఉప్పుగాలి తిన్న పాత ఎయిర్ గన్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో బెలూన్ల బోర్డు ముందు నిలబడి ఒక్కసారైనా ఎయిర్ గన్ పేల్చని వాళ్ళు మన విశాఖలో తక్కువే. నడుం దగ్గర విరిచి, పెల్లెట్ పెట్టి, మళ్ళీ మూసి పేల్చే ఆ గన్నులో మందుగుండు ఉండదు, గ్యాసు ఉండదు. లోపల ఒక స్ప్రింగు, ఒక పిస్టన్, ఆ పిస్టన్ మూతికి బిగించిన ఒక వాషరు, అంతే. అంత సాదా యంత్రం కాబట్టే యాభై ఏళ్ళ నాటిదైనా ఓపిగ్గా కూర్చుంటే ఇంట్లోనే బాగుపడుతుంది.

మా మావయ్య షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర జర్మనీలో తయారైన డయానా 27 అనే ఎయిర్ గన్ ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డ రోజు పెదవాల్తేరులో వాళ్ళింటి కిటికీలు ఊడిపోయి, అటక మీది సామానంతా తడిసి ముద్దయింది. కరెంటు లేని ఆ రోజుల్లో ఇల్లు సర్దుకోవడమే గగనం, గన్ను సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఏళ్ళ తర్వాత దుప్పటి విప్పి చూస్తే బ్యారెల్ నిండా ఎర్రటి తుప్పు. పేలిస్తే పెల్లెట్ అట్టపెట్టెలోకి కూడా దిగలేదు. చూసినవాళ్ళందరూ “స్ప్రింగు పోయింది, కొత్తది వేయించు” అన్నారు. మావయ్య మాత్రం “ముందు తోలు చూడరా” అన్నారు. ఆయన మాటే నిజమైంది. ఆ తర్వాత నేను విప్పిన పాత గన్నుల్లో చాలావాటి నీరసానికి కారణం ఎండిపోయిన తోలు వాషరే. కింద చెప్పేదంతా డయానా 27ను ముందు పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో విరిచే పాత స్ప్రింగు గన్నులు చాలావరకు ఇదే పద్ధతిలో ఉంటాయి, ట్రిగ్గరు అమరిక మాత్రం మోడల్‌ను బట్టి మారుతుంది.

విప్పే ముందు

గన్ను చేతికి రాగానే అది ఖాళీగా ఉందో లేదో చూడండి. ఏళ్ళ తరబడి అటక మీద ఉన్నా సరే, లోపల పెల్లెట్ ఉండవచ్చు, స్ప్రింగు ఎక్కించే, అంటే నొక్కి పేల్చడానికి సిద్ధంగా ఉండవచ్చు. మూతిని మనుషులు లేని వైపు పెట్టి, బ్యారెల్‌ను గట్టిగా పట్టుకుని నెమ్మదిగా విరవండి. ఏ ప్రతిఘటనా లేకుండా కిందికి జారిపోతే స్ప్రింగు ముందే ఎక్కి ఉన్నట్టు అనుమానించాలి. అప్పుడు ఒక పెల్లెట్ పెట్టి, మూసి, పాత బట్టలు కుక్కిన మందపాటి పెట్టెలోకి పేల్చేయండి. బ్యారెల్ విరిచి ఉండగా ట్రిగ్గరు మాత్రం ఎప్పుడూ నొక్కవద్దు. ఆ ఊపుకు బ్యారెల్ ఎగిరివచ్చి మూసుకుంటుంది. వేళ్ళు నలుగుతాయి, బ్యారెల్ వంగుతుంది, భుజానికి ఆనించే గన్ను కర్ర చీలుతుంది.

తర్వాత చట్టం సంగతి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు, అంటే బ్యారెల్ లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు (.177 అంగుళాలు) దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. డయానా 27 రెండు బోర్లలోనూ వచ్చింది. బ్యారెల్ మొదట్లో 4.5 అనో 5.5 అనో చెక్కి ఉంటుంది. 5.5 అయితే పని మొదలుపెట్టకముందే మీ పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. శక్తి గురించి భయం అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే లెక్క ప్రకారం ఏడు జౌళ్ళ పైచిలుకు వస్తుంది, ఆరోగ్యంగా ఉన్న 27 ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇంకో మాట కూడా నేరుగా చెప్తాను. దీన్ని మన పెద్దవాళ్ళు పిట్టల తుపాకీ అన్నారు గానీ పిట్టల మీద పేల్చవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, పైగా దెబ్బ తిన్న పిట్ట వెంటనే చావకపోతే గాయంతో ఎగిరిపోయి ఎక్కడో నరకం అనుభవిస్తుంది. కాగితం మీది చుక్క చాలు.

గన్ను మీది అక్షరాలన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. జర్మన్ డయానాల సిలిండరు, అంటే పిస్టన్, స్ప్రింగు ఉండే గొట్టం వెనుక కొసన ఎడమ వైపు నెల, సంవత్సరం చిన్న అంకెల్లో కొట్టి ఉంటాయి. మా మావయ్య గన్ను మీద తుప్పు కింద నూనె రాసి గుడ్డతో తుడుస్తుంటే 09 74 అని బయటపడింది. ఆ కాసేపు ఇద్దరం పని ఆపేసి దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఈ గుర్తులు ముచ్చటకే కాదు, విడిభాగాలకు కూడా కావాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రాస్టాట్‌లోని డయానా ఫ్యాక్టరీ యంత్రాలు స్కాట్లాండ్‌లోని మిల్‌బ్రో కంపెనీ చేతికి వెళ్ళాయి, డయానా పేరుతో అక్కడా గన్నులు తయారయ్యాయి. అసలు కంపెనీ 1950లో జర్మనీలో మళ్ళీ మొదలుపెట్టింది. పేరు ఒకటే అయినా రెండింటి భాగాలు ఒకదానికొకటి సరిపోతాయన్న నమ్మకం లేదు.

విప్పకుండా ఒక ప్రయత్నం

చాలామంది నేరుగా స్క్రూడ్రైవరు తీస్తారు. ఒక్క రాత్రి ఆగండి. గన్ను పేల్చి శబ్దం వినండి. శక్తి తగ్గి, “టప్” అనే బదులు “ఠంగ్” మని ఇనుము మీద ఇనుము కొట్టినట్టు మోగుతుంటే అది తోలు ఎండిపోయిన లక్షణం. పిస్టన్ ముందుకు దూకినప్పుడు దాని ముందున్న గాలి నలిగి ఒక మెత్తలా పనిచేయాలి. వాషరు పక్కలనుంచి గాలి జారిపోతే ఆ మెత్త ఉండదు, పిస్టన్ వెళ్ళి సిలిండరు గోడను నేరుగా గుద్దుతుంది.

బ్యారెల్ విరిచి, కర్ర వెనుక కొసను నేలకు ఆనించి గన్నును నిలబెట్టండి. సిలిండరు ముందు భాగంలో, బ్యారెల్‌కు ఎదురుగా ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. పెల్లెట్ వెనక్కి గాలి వచ్చేది అందులోంచే. ఆ రంధ్రంలో ఐదారు చుక్కల సిలికాన్ ఆయిల్ వేసి రాత్రంతా అలాగే ఉంచండి. ట్రెడ్‌మిల్ బెల్టుకు వేసే సిలికాన్ ఆయిలే ఇది, జిమ్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కుట్టుమిషన్ నూనె, స్ప్రే డబ్బాల్లో వచ్చే తుప్పు నూనెలు మాత్రం ఆ రంధ్రంలో వేయకండి. గాలి ఒక్కసారిగా నలిగినప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడికి పెట్రోలియం నూనె ఆవిరి అంటుకుని డీజిల్ ఇంజన్‌లో లాగా పేలుతుంది. నేను ఒకసారి స్ప్రే కొట్టి పేలిస్తే టపాకాయలా మోగి, మూతి నుంచి నీలిపొగ వచ్చింది. విప్పి చూస్తే తోలు అంచు మాడిపోయి ఉంది.

మర్నాడు పేలిస్తే గన్ను కోలుకున్నట్టు అనిపిస్తే రోగం తెలిసిపోయినట్టే. అయినా తుప్పు, పాత జిడ్డు తీయడానికి విప్పక తప్పదు.

సామాను

స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్లు ముఖ్యం. వదులుగా ఉన్న దానితో తిప్పితే గాడి చెదిరిపోతుంది, ఆ మచ్చ గన్ను ఉన్నంతకాలం కనిపిస్తుంది. మూడు రూపాయల స్క్రూ కదా అనుకోవద్దు, అలాంటిది ఇప్పుడు దొరకదు. మీ స్క్రూడ్రైవరు మందంగా ఉంటే ఆకురాయితో అరగదీసి సరిచేసుకోండి. ఇంకా పిన్నులు కొట్టి బయటికి తీసే పిన్ పంచ్‌లు రెండు మూడు సైజులవి, ఇత్తడివైతే మంచిది. చిన్న సుత్తి, వెర్నియర్ కాలిపర్, వడ్రంగులు వాడే పొడుగాటి సాష్ క్లాంపు, టర్పెంటైన్, జీరో నంబర్ స్టీల్ ఊల్‌లో అన్నిటికంటే సన్నది, నాలుగు సున్నాలది. పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. కళ్ళద్దాలు మరచిపోకండి, చదివేవి కాదు, గ్రైండింగు చేసేవాళ్ళు పెట్టుకునే పారదర్శక రక్షణ అద్దాలు.

స్ప్రింగు తీయడం

మొత్తం పనిలో ప్రమాదం ఉన్నది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి. గన్ను ఎక్కించకపోయినా లోపలి స్ప్రింగు కొంత నొక్కుకునే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది వెనుక ఉన్న ట్రిగ్గరు దిమ్మె. ఆ దిమ్మెను ఆపేవి అడ్డంగా దూర్చిన రెండు పిన్నులు. ఏ ఆసరా లేకుండా ఆ పిన్నులు కొట్టేస్తే దిమ్మె తుపాకీ గుండులా వెనక్కి వస్తుంది.

మొదట కర్ర తీయాలి. ముందు భాగంలో రెండు పక్కలా ఒక్కో స్క్రూ, ట్రిగ్గరు గార్డు ముందు స్క్రూ తీస్తే యంత్రం కర్రలోంచి పైకి లేస్తుంది. స్క్రూ బిగుసుకుపోయి ఉంటే బలప్రయోగం చేయకండి. రెండు చుక్కల తుప్పు నూనె వేసి ఒక రోజు ఆగి, స్క్రూడ్రైవరును గాడిలో నిలబెట్టి నెత్తి మీద సుత్తితో రెండు మెత్తటి దెబ్బలు వేయండి. ఆ అదురుకు తుప్పు పట్టు వదులుతుంది. ఆ తర్వాత తిప్పండి.

ఇప్పుడు బ్యారెల్ పివట్ బోల్టు తీసి, బ్యారెల్‌ను, దాని కింది లివరును పిస్టన్ గాడిలోంచి విడదీసి పక్కన పెట్టండి. మిగిలిన సిలిండరును సాష్ క్లాంపులో పడుకోబెట్టండి. ముందు కొసకు ఒక చెక్కముక్క, వెనుక ట్రిగ్గరు దిమ్మెకు ఇంకో చెక్కముక్క. రెండో ముక్కకు ట్రిగ్గరుకు తగలకుండా గాడి తీయాలి. క్లాంపు మరను మెల్లగా బిగిస్తే దిమ్మె కొద్దిగా లోపలికి జరిగి పిన్నుల మీద బరువు పోతుంది. పంచ్‌తో పిన్నును తాకితే సులువుగా కదలాలి. కదలకపోతే క్లాంపు ఇంకొంచెం బిగించండి లేదా కొంచెం వదలండి. సుత్తి బలం పెంచడం పరిష్కారం కాదు.

రెండు పిన్నులూ వచ్చాక క్లాంపు మీద ఒక పాత దుప్పటి మడత వేసి, మరను పావు చుట్టు, పావు చుట్టు చొప్పున వదలండి. స్ప్రింగు పూర్తిగా సాగేదాకా మొహాన్ని వెనుక కొసకు ఎదురుగా పెట్టకండి. కొన్ని సెంటీమీటర్ల తర్వాత ఒత్తిడి పోయి క్లాంపు వదులవుతుంది.

డయానా 27 అయితే దిమ్మెతో పాటు ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు చిన్న గొట్టాలు, వాటిలోంచి మూడు ఉక్కు గోళీలు బయటికి వస్తాయి. శనగగింజ కంటే చిన్నవి. పిస్టన్ కడ్డీ గాడిలో ఈ మూడు గోళీలూ కూర్చుని దాన్ని పట్టి ఉంచుతాయి. ట్రిగ్గరు నొక్కితే బయటి గొట్టం జరుగుతుంది, గోళీలు పక్కకు తప్పుకుంటాయి, పిస్టన్ వదిలేస్తుంది. అంత నున్నగా, అంత తేలిగ్గా వదిలే ట్రిగ్గరును ఆ ధరలో ఎలా చేశారా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. కింద ఒక తెల్లగుడ్డ పరిచి విప్పండి. నల్ల గచ్చు మీద ఆ గోళీ దొర్లిపోతే దొరకదు.

ప్రతి భాగం బయటికి రాగానే వచ్చిన వరుసలో గుడ్డ మీద పెట్టి ఫోటో తీయండి. ఏ వైపు ముందుకు ఉందో కూడా ఫోటోలో తెలియాలి.

కడగడం, స్ప్రింగు చూడటం

పాత గ్రీజు తారులా నల్లబడి ఉంటుంది. టర్పెంటైన్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బాల్కనీలోనో డాబా మీదో చేయండి, పొయ్యి దగ్గర వద్దు. సిలిండరు లోపలికి సన్నకర్రకు గుడ్డ చుట్టి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తిప్పండి. లోపలి గోడను వేళ్ళతో, టార్చితో చూడండి. నిలువు గీతలు కొద్దిగా ఉంటే పరవాలేదు, తోలు సర్దుకుపోతుంది.

బ్యారెల్ లోపలికి ఇనుప కడ్డీ పెట్టకండి, గాడులు దెబ్బతింటాయి. మన ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాను అమ్మే చోట మందపాటి నైలాన్ దారం దొరుకుతుంది. మూడు మూరల ముక్కను మడిచి, మడత మధ్య గుడ్డపీలిక పెట్టి, పెల్లెట్ పెట్టే వైపు నుంచి మూతి వైపు లాగండి. ఎర్రగా, తర్వాత బూడిదరంగులో, చివరికి తెల్లగా వస్తుంది. బూడిదరంగు సీసం. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

స్ప్రింగును వంటింటి గ్రానైట్ బండ మీద దొర్లించండి. తిన్నగా దొర్లితే ఇంకా ప్రాణం ఉన్నట్టే. పాములా ఊగుతూ దొర్లితే వంగింది, విరిగిన చుట్టు ఉంటే పనికిరాదు. కాస్త కురచబడిందని మాత్రం పారేయకండి, పాత స్ప్రింగులన్నీ మొదటి కొద్ది రోజుల్లోనే కొంత కుదించుకుపోతాయి. మార్చాల్సి వస్తే అదే వైరు మందం, అదే లోవ్యాసం, అదే చుట్ల సంఖ్య ఉన్నది వేయండి. ఎక్కువ శక్తి వస్తుందని బలమైన స్ప్రింగు వేయించుకున్న వాళ్ళను చూశాను. గన్ను ఎక్కించడం కష్టమవుతుంది, ఎగిరిపడుతుంది, గురి పోతుంది, గోళీల ట్రిగ్గరు త్వరగా అరిగిపోతుంది. ఉన్న స్ప్రింగు కొసలు రెండూ ఎమరీ కాగితం మీద రుద్ది నున్నగా చేస్తే పేల్చినప్పుడు వచ్చే జుయ్యిమనే మోత సగం తగ్గుతుంది.

తోలు వాషరు

సైకిలు పంపు విప్పి చూసిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. కప్పులా మలిచిన తోలు. పంపు నొక్కినప్పుడు గాలి ఒత్తిడికి ఆ కప్పు అంచు గొడుగులా విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది. ఎయిర్ గన్‌లోనూ అంతే. తోలులో నూనె ఉన్నంతకాలం ఆ అంచు విచ్చుకుంటుంది. ఎండితే ముడుచుకుని అట్టముక్కలా అవుతుంది.

పాత వాషరు చిరగకుండా, మాడకుండా ఉంటే దాన్ని బతికించవచ్చు. నేను చేసే పద్ధతి ఇది. మొదట టర్పెంటైన్‌తో పైపైన తుడిచి ఆరనివ్వాలి. ఒక చిన్న గిన్నెలో నీట్స్‌ఫుట్ ఆయిల్ పోసి వాషరును ముంచాలి. గుర్రపు జీనులకు, తోలు సామాన్లకు పట్టించే నూనె ఇది, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ముంచిన కాసేపటికి అంచు నుంచి సన్నని బుడగలు వరసగా పైకి వస్తాయి. తోలు రంధ్రాల్లో ఇన్నేళ్ళుగా ఉన్న గాలి అది. బుడగలు ఆగి, గోధుమరంగు తోలు చాక్లెట్ రంగులోకి తిరిగేదాకా ఒక రాత్రి, అవసరమైతే రెండు రాత్రులు ఉంచండి. తీసి వేళ్ళ మధ్య నొక్కితే చెవితమ్మెలా మెత్తగా ఉండాలి. ఆ మెత్తదనం వేలికి తెలిసిన క్షణం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టం.

ఆముదం వాడమని కొందరు చెప్తారు. అది కొన్నాళ్ళకు జిగటగా మారుతుంది. కొబ్బరినూనె మన ఎండల్లో బాగానే ఉంటుంది గానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పేరుకుంటుంది. రెండూ వద్దు.

చిరిగిన వాషరు అయితే కొత్తది చేసుకోవాలి. చెట్టుబెరడుతో పదును చేసిన తోలు, సుమారు మూడు మిల్లీమీటర్ల మందంది కావాలి. చెప్పులు కుట్టేవాళ్ళను అడిగితే అడుగుభాగానికి వాడే గట్టి తోలు ముక్క ఇస్తారు. గాజువాక ఆటోనగర్‌లో ఏదైనా లేత్ షాపులో చిన్న అచ్చు చేయించుకోండి. సిలిండరు లోపలి వ్యాసం ఎంతో అంతే రంధ్రం ఉన్న ఒక రింగు, ఆ రంధ్రంలో చుట్టూ తోలు మందం ఖాళీ వదిలి దిగే ఒక దిమ్మె. కొలతలు కాలిపర్‌తో తీసి కాగితం మీద బొమ్మ గీసి ఇస్తే వాళ్ళకు చిటికెలో పని. గుండ్రంగా కోసిన తోలును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, రింగు మీద పెట్టి, దిమ్మెతో వైస్‌లో నెమ్మదిగా లోపలికి నొక్కండి. రెండు రోజులు నీడలో ఆరాక కప్పు ఆకారంలో నిలబడుతుంది. అంచును కొత్త బ్లేడుతో సమంగా కోసి, నడుమ స్క్రూకు రంధ్రం చేసి, ఆ తర్వాతే నూనెలో వేయండి. మన ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ, వానాకాలమైతే మూడో రోజు కూడా ఆగండి. లోపల చెమ్మ ఉండగా నూనె పట్టదు.

వాషరును పిస్టన్‌కు బిగించే స్క్రూ గట్టిగా ఉండాలి, తల తోలులోకి దిగి ఉండాలి. అది వదులైతే పిస్టన్ ముందు గోడకు కొట్టుకుంటుంది. బ్యారెల్, సిలిండరు కలిసే చోట ఉండే చిన్న తోలు రింగును కూడా ఇదే నూనెలో వేయండి. బిగించాక అది ఉక్కు మట్టం కంటే వెంట్రుకవాసి పైకి ఉండాలి. మట్టంగా కూరుకుపోయి ఉంటే కింద పలచటి కాగితపు రింగు పెడితే చాలు.

తుప్పు

సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకు తుప్పు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గ్రిల్లుకు ఏటా రంగు వేస్తూనే ఉంటాం. గన్ను మీది తుప్పుకు ఆ వైద్యం పనికిరాదు. ఎమరీ కాగితం, గ్రైండరు, యాసిడ్, వెనిగర్, ఏవీ దగ్గరికి రానివ్వకండి. తుప్పు కింద పాత నల్లరంగు ఇంకా మిగిలి ఉంటుంది. దాన్ని నిలుపుకోవాలి. వెనిగర్ ఆ నల్లదనాన్నీ తినేస్తుంది.

మొదట్లో నేను తొందరపడి ఒక గన్ను బ్యారెల్‌ను బఫింగుకు ఇచ్చాను. సాయంత్రానికి అద్దంలా మెరుస్తూ వచ్చింది. చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే పైన చెక్కిన అక్షరాలు సగం లేవు, పదునైన అంచులన్నీ సబ్బుబిళ్ళలా గుండ్రబడ్డాయి. ఆ అక్షరాలు ఇక రావు. అప్పటినుంచి ఏ బ్యారెల్‌నూ ఇంట్లోంచి బయటికి పంపలేదు.

తేలిక తుప్పుకు పలచటి నూనె రాసి గంట ఆగి, నాలుగు సున్నాల స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దండి. నూనె ఎర్రటి బురదలా అవుతుంది, తుడిచి మళ్ళీ కొత్త నూనె రాయండి. నాలుగైదు సార్లు చేస్తే ఎరుపు పోయి కింద నలుపు కనిపిస్తుంది.

ఉప్పుగాలి బాగా తిన్న బ్యారెల్‌కు ఇంకో దారి ఉంది, మరిగించడం. ఎర్రతుప్పును స్వచ్ఛమైన నీళ్ళలో మరిగిస్తే అది నల్లటి ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. ఆ నలుపు ఉక్కును పట్టుకుని ఉంటుంది, కొత్త తుప్పును కొంత అడ్డుకుంటుంది. పాతకాలపు తుపాకులకు నల్లరంగు ఎక్కించింది కూడా ఇదే సూత్రంతో. రేకుల పనివాళ్ళ దగ్గర రెండడుగుల పొడవున్న చిన్న తొట్టి చేయించుకోండి, గ్యాస్ పొయ్యి రెండు బర్నర్ల మీదా ఆనుతుంది. అందులో బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్ళలో ఉండే లవణాలు మచ్చలు చేస్తాయి. బ్యారెల్ మీద గురి చూసుకునే సైట్లు, తోలు రింగు, విడిపోయే చిన్న భాగాలన్నీ ముందే తీసి, జిడ్డు లేకుండా థిన్నర్‌తో తుడవండి. ఆ పని పొయ్యికి దూరంగా చేసి, థిన్నర్ వాసన పూర్తిగా పోయాక వంటింట్లోకి తీసుకురండి. మరుగుతున్న నీళ్ళలో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచండి. ఎరుపు మెల్లగా గోధుమరంగు మీదుగా మసినలుపులోకి తిరగడం మీ కళ్ళముందే కనిపిస్తుంది. గుడ్డ గ్లవ్స్‌తో తీస్తే ఆ వేడికి నీళ్ళు వాటంతటవే ఆరిపోతాయి. బ్యారెల్ లోపలికి మాత్రం వెంటనే నూనె గుడ్డ లాగండి. పైన మసిలా నిలిచినదాన్ని జిడ్డులేని స్టీల్ ఊల్‌తో రుద్దితే కింద పట్టులాంటి నలుపు మిగులుతుంది. తుప్పు ఇంకా ఎర్రగా ఉన్నచోట మళ్ళీ మరిగించండి. చివరికి నూనె బాగా పట్టించి ఒక రోజు వదిలేయండి. గుంటలు పోవు. పోగొట్టాలని చూడకండి.

కర్ర

డయానా కర్ర ఎక్కువగా బీచ్ (సముద్రపు ఒడ్డు కాదు, యూరప్‌లో పెరిగే ఒక చెట్టు పేరు) కలపతో చేసింది. నొక్కులు పడ్డచోట తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె కొసతో రెండు సెకన్లు అదమండి. ఆవిరికి లోపలికి నలిగిన నారలు ఉబ్బి పైకి వస్తాయి. నొక్కు కాక కోత అయితే ఇది పనిచేయదు. పాత వార్నిష్ ఊడిపోతుంటే మాత్రమే తీసి, 240తో మొదలుపెట్టి 400 గరుకు కాగితంతో నారల వాలునే రుద్దండి. స్క్రూలు దిగే చోట, సిలిండరు కూర్చునే అంచుల దగ్గర రుద్దవద్దు. పైపూతకు ఉడికించిన అవిసెనూనె చాలు. అరచేత్తో వెచ్చగా అయ్యేదాకా రుద్ది, పావుగంటకు మిగిలింది తుడిచేయండి, రోజుకొక పూత చొప్పున ఐదారు పూతలు. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. దండెం మీద విడిగా ఆరేయండి లేదా నీళ్ళలో ముంచండి. మెరుపు కావాలనుకుంటే లక్క పాలిష్ వేయవచ్చు. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క ఎంత అందంగా ఉంటుందో తెలిసినవాణ్ణే గానీ, చెమట చేతులతో పట్టుకునే తుపాకీ కర్రకు నేను అవిసెనూనెనే ఇష్టపడతాను.

తిరిగి బిగించడం

విప్పిన వరుసకు తలకిందులుగా, ఫోటోలు చూస్తూ. గ్రీజు విషయంలో పిసినారితనమే మంచిది. పిస్టన్ వెనుక భాగానికి, స్ప్రింగుకు, లివరు రాసుకునే గాడికి మాలిబ్డినం గ్రీజు పలచగా, వేలితో రాసి తుడిచేసినంత. వాషరు ముందు భాగానికి, దాని ముందున్న సిలిండరుకు గ్రీజు అసలు వద్దు, అక్కడ ఉంటే డీజిల్ పేలుడే. సిలికాన్ ఆయిల్ తోలుకు మాత్రమే, ఇనుము మీద ఇనుము రాసుకునే చోట అది పట్టదు.

పిస్టన్‌ను దూర్చేటప్పుడు తోలు అంచు సిలిండరు గాడుల పదునుకు తగిలి కోసుకుపోకుండా చూడండి. గాడి దాటేదాకా ఐస్‌క్రీమ్ పుల్లతో అంచును లోపలికి నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. తర్వాత ఆ మూడు గోళీలు. లోగొట్టం రంధ్రాల్లో చిక్కటి గ్రీజు మెత్తి, ఒక్కో గోళీని పట్టకారుతో అందులో అతికించండి. గ్రీజే వాటిని పట్టి ఉంచుతుంది. మూడూ ఉన్నాయని లెక్కపెట్టి బయటి గొట్టం తొడగండి. రెండే ఉన్నా గన్ను బిగుస్తుంది గానీ, ఎక్కించినప్పుడు జారవచ్చు. క్లాంపులో పెట్టి, దిమ్మెను లోపలికి నొక్కి, రంధ్రాలు ఎదురుగా వచ్చాక పిన్నులు దూర్చండి. పిన్ను రెండు వైపులా సిలిండరుకు సమంగా వచ్చిందని చూశాకే క్లాంపు వదలండి.

మొదటి పెల్లెట్లు

ఖాళీగా పేల్చవద్దు. పెల్లెట్ లేకపోతే గాలికి ఎదురు ఉండదు, పిస్టన్ గోడకు కొట్టుకుంటుంది. పది మీటర్ల దూరంలో పాత పేపర్లు గట్టిగా కుక్కిన మందపాటి అట్టపెట్టె, దాని వెనుక ఇటుక గోడ కాకుండా దట్టమైన పరుపో రబ్బరు మ్యాట్టో ఉండాలి. పక్కింటి డాబాలు, దారి ఉన్న వైపు కాకుండా పెట్టండి. కళ్ళద్దాలు మీకూ, పక్కనున్న వాళ్ళకూ. మొదటి ఇరవై, ముప్పై పెల్లెట్లకు కాస్త పొగ, కాల్చిన తోలు వాసన వస్తాయి. తర్వాత తగ్గాలి. తగ్గకపోతే లోపల నూనె ఎక్కువైంది. గాలి కారుతోందేమో చూడాలంటే బ్యారెల్ కలిసే చోట పైన టిష్యూ పేపరు చిన్న ముక్క పెట్టి పేల్చండి, ముక్క ఎగిరితే ఆ తోలు రింగును కొంచెం పైకి లేపాలి.

స్క్రూలు యాభై పెల్లెట్ల తర్వాత ఒకసారి మళ్ళీ బిగించండి, కర్ర సర్దుకుంటుంది.

ఇక మన ఊరి గాలిలో దాన్ని ఉంచుకోవడం. స్పాంజి మెత్త ఉన్న సంచిలో పెట్టవద్దు, అది తేమను పీల్చి ఉక్కుకు అంటిస్తుంది. మూతి కింది వైపుకు పెట్టి, తాళం వేసిన బీరువాలో, పిల్లలకు అందకుండా ఉంచండి, పెల్లెట్లు వేరే చోట. సముద్రం వైపు గోడకు ఆనించకండి. పేల్చాక చేతి చెమట తగిలిన ఉక్కునంతా నూనె గుడ్డతో తుడవండి, వానాకాలంలో వాడకపోయినా పదిహేను రోజులకొకసారి. ఆరు నెలలకోసారి ఆ చిన్న రంధ్రంలో సిలికాన్ ఆయిల్ రెండు చుక్కలు. మావయ్య తన బీరువా తలుపు లోపలి వైపు పెన్సిలుతో తేదీలు రాసుకుంటారు, నూనె వేసినప్పుడల్లా ఒక తేదీ. నేనూ అదే చేస్తున్నాను.